సోమయ్య పేరు కొట్టిన గిన్నెలు

మోండా మార్కెట్‌లో ఒక్కచోట కుదురుగా ఉండలేని మనిషి ఎవరని అడిగితే ఎవరైనా ఊర్మిళ పేరే చెబుతారు. విచిత్రమేమిటంటే ఆమె చేసేది కూర్చుని చేసే పని. ఓంప్రకాశ్ సేఠ్ గిన్నెల దుకాణం మెట్ల పక్కన ఒక ముక్కాలిపీట, దాని ముందు చిన్న బల్ల, బల్ల మీద గుయ్యిమని అరిచే మిషన్. దుకాణంలో అమ్ముడైన పళ్లేలూ, బిందెలూ, గిన్నెలూ ఆమె ముందుకు వస్తాయి. ఆమె వాటి మీద పేర్లు కొడుతుంది. చెయ్యి పేరు కొడుతుంటే కాలు నేలను కొడుతూ ఉంటుంది, కళ్లు సందంతా తిరుగుతూ ఉంటాయి, నోరు ఎదురుగా కరివేపాకు అమ్మే మనిషితో తగువు పెట్టుకుంటూ ఉంటుంది. అయినా అక్షరం వంకరపోదు. అదొక్కటి మాత్రం ఒప్పుకోవాలి.

ఆ పీట ఆమె తండ్రిది. పేరుకే బ్రహ్మచారి గానీ ఆయన నలుగురు పిల్లల తండ్రి. మిషన్లు రాకముందు ఉలీ సుత్తీ పట్టుకుని చుక్క పక్కన చుక్క పెట్టి పేర్లు కొట్టేవాడు. లష్కర్‌లో, అదే సికింద్రాబాద్‌లో, పాతకాలపు ఏ ఇంట్లో ఇత్తడి బిందె పట్టుకుని చూసినా తన నాయిన చుక్కలే కనిపిస్తాయని ఊర్మిళ గొప్పగా చెప్పుకుంటుంది. ఆయన పోయాక ఆమె వచ్చి ఆ పీట మీద కూర్చుంటే మార్కెట్టంతా నోరు నొక్కుకుంది. ఆడమనిషి నడిబజారులో పేర్లు కొట్టడమేమిటని ఒక్కరు కూడా గిన్నె ఇవ్వలేదు. అట్లా రెండు రోజులు గడిచాక నిమ్మకాయల సోమయ్య తన నీళ్ల చెంబు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నా పేరు కొట్టు బిడ్డా. పెద్దగ కొట్టు. బజారు మొత్తం సదవాలె," అన్నాడు.

అదీ ఆమె బోణీ. ఆ చెంబును సోమయ్య, పేరు బయటికి కనిపించేలా, తాను కూర్చుని అమ్మే గద్దె అంచున పెట్టుకున్నాడు. నిమ్మకాయలు కొనడానికి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. వారం తిరిగేసరికి ఊర్మిళకు తల ఎత్తే తీరిక లేకుండా పోయింది. ఇదంతా జరిగి ఇరవై ఏళ్లు దాటింది. ఆమెకు సొంత తాత గుర్తు లేడు, తాత అంటే సోమయ్యే.

ఇక సోమయ్య సంగతి. ఎనభై దాటిన మనిషి. నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు తప్ప ఇంకేదీ అమ్మి ఎరగడు. తల్లి కొంగు పట్టుకుని మార్కెట్‌కు వచ్చినవాడు ఆ కొంగు పోయినా మార్కెట్ వదల్లేదు. ఆదివారం పొద్దున కెమెరాలు మెడలో వేసుకుని పాత బజారు చూడ్డానికి కుర్రకారు వస్తుంటారు కదా, వాళ్లకు సోమయ్య దొరికితే పండగే. తెల్లవాళ్ల దండు ఉన్న రోజుల్లో మెస్సుల వంటవాళ్లు తెల్లారకముందే గంపలతో ఎట్లా దిగేవాళ్లో, ఏ దొర బట్లరు నిమ్మకాయను ముక్కు దగ్గర పెట్టుకోనిదే కొనేవాడు కాదో, మార్కెట్ పక్కనున్న పాత జైలు గోడ ఎంత మందమో చేతులు చాపి మరీ చెప్పేవాడు. మోండా అన్న పేరెట్లా వచ్చిందని అడిగితే మాత్రం వారానికో కథ చెప్పేవాడు. పోయిన వారం వేరేగా చెప్పావు కదా తాతా అంటే, "ఆ వారం వచ్చినోళ్లకు గది మంచిగుండె," అనేవాడు.

మాఘమాసం పోయాక ఆయనకు దగ్గు మొదలైంది. తరవాత ఒకనాడు రాలేదు. గద్దె మీద నీలం పట్టా కప్పి, దాని మీద రాళ్లు పెట్టి పోయారు. దవాఖానలో ఉన్నాడని తెలిసింది. ఏ దవాఖానో, ఏం జబ్బో అడిగితే మనవరాలు "మంచిగైతడు" అనేది. కొన్నాళ్లకు ఆ పిల్ల కూడా మార్కెట్‌లో కనిపించడం మానేసింది.

ఇక్కడ ఊర్మిళ పనిలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. పెళ్లి గిన్నెలు కొనేవాళ్లు కేకలతో వస్తారు. పేరు రాసి ఇస్తారు, పక్కనే నిలబడతారు, కొట్టిన ప్రతి గిన్నెనూ తిప్పి తిప్పి చూస్తారు. చావు గిన్నెలు కొనేవాళ్లు అట్లా కాదు. దినం నాడు పంచడానికి చిన్న గిన్నెలో, పళ్లేలో తీసుకుంటారు. గొంతు తగ్గించి పేరు చెబుతారు, దినం తారీఖు చెబుతారు, అంతే. ఎవరు పోయారన్నది చెప్పరు. ఊర్మిళ అడగదు. అడిగితే ఆ మాట వాళ్ల నోటితో పలికించినట్టవుతుంది, అది పాపమని బ్రహ్మచారి నేర్పాడు. మనిషి ముఖం చూసి తెలుసుకోవాలి. తెలుసుకుని పేరు ముందు 'కీ.శే.' అని తానే కొట్టాలి. కీర్తిశేషులు అన్న మాటకు ఆ రెండక్షరాలు చాలు. కొట్టిన గిన్నెలను పాత పేపర్లో చుట్టి, డబ్బాలో సర్ది, పురికొసతో కట్టి ఇస్తారు. ఎవరూ దుకాణంలో విప్పి చూడరు. ఇన్నేళ్లలో ఊర్మిళ ఒక్కసారి కూడా పొరబడలేదు.

మామిడికాయలు దిగిన వారంలో, ఒక మంగళవారం, సోమయ్య మనవరాలు కల్పలత వచ్చింది. సోమయ్యకు కొడుకూ కోడలూ ఎప్పుడో పోయారు, ఆ పిల్లే ఆయనకు దిక్కు. బ్యాంకులో ఉద్యోగం, ఎప్పుడూ ఇస్త్రీ చెక్కుచెదరని బట్టలు. ఆ రోజు మాత్రం జుట్టు దువ్వుకోలేదు. కళ్లు వాచి ఉన్నాయి.

"అక్కా, స్టీలు గిన్నెలు గావాలె. చిన్నయి. మన సందుల ఎంతమంది ఉన్నరో అందరికి రావాలె. తాత పేరు కొట్టు," అంది.

ఊర్మిళ మిషన్ ఆపింది.

"కింద మోండా మార్కెట్ అని పెట్టు. వచ్చే ఆదివారం తారీఖు ఎయ్యి." అంతవరకు చెప్పి ఆ పిల్ల ముఖం పక్కకు తిప్పుకుంది. "నేను రాలేనక్కా, ఆటోల తెప్పించుకుంట."

ఊర్మిళ అడగలేదు. ఎట్లా అడుగుతుంది? ఆ పిల్ల చెయ్యి ఒక్కసారి పట్టుకుని వదిలేసింది. కల్పలత వెళ్లిపోయాక ఓంప్రకాశ్ గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"ఏందీ, సోమయ్య...?"

ఊర్మిళ తలూపింది. సేఠ్ రేడియో కట్టేశాడు. "మనకు ఒక్క మాట సుత చెప్పలే," అన్నాడు. ఊర్మిళకూ అదే బాధ. తాత సొంతూరు భువనగిరి దగ్గర, అక్కడికే తీసుకుపోయి ఉంటారు, అక్కడే అన్నీ కానిచ్చి ఉంటారు. కడసారి చూపుకైనా పిలవలేదే అని ఆమెకు కోపం కూడా వచ్చింది. గిన్నె తర్వాత గిన్నె తీసి, కీ.శే. సోమయ్య, కీ.శే. సోమయ్య అని కొడుతూ పోయింది. ఏడుస్తూ కొట్టింది. ఆ రెండు రోజులు కరివేపాకు మనిషితో తగువు పెట్టుకోలేదు. శుక్రవారం ఆటో వచ్చి డబ్బాలు తీసుకుపోయింది.

ఆదివారం పొద్దున ప్రేమమణి టీచరమ్మ వచ్చింది. రాంగోపాల్‌పేట్‌లో సోమయ్య ఉండే సందులోనే ఆమె ఇల్లు. చర్చికి పోతూ, బడి పిల్లలకు బహుమతిగా ఇచ్చే పళ్లేలు తీసుకుందామని ఆగింది. చివరి పళ్లెం మీద ఊర్మిళ ఇంకా పేరు కొడుతోంది.

"తొందరగా ఇచ్చేయమ్మా, ప్రార్థన అయ్యాక మళ్లీ ఇటే రావాలి," అంది టీచరమ్మ. "సోమయ్యగారు రమ్మన్నారు. అందరికీ గిన్నెలు పంచుతారటగా ఇవాళ."

ఊర్మిళ సూది పళ్లెం మీద సర్రున జారింది. ఇరవై ఏళ్లలో మొదటి వంకర గీత.

"ఎవరు రమ్మన్నరు?"

"సోమయ్యగారు. శుక్రవారం ఇంటికొచ్చేశారు కదా. నిన్న సాయంత్రం పోయి చూసొచ్చాను, చిక్కిపోయారు గానీ జోకులకేం తక్కువ లేదు. పొద్దున్నే మౌలాలి గుట్ట మీది దర్గాకు పోయారు, కల్పలతకు ఏదో మొక్కు ఉందట. అక్కణ్నుంచి ఆటోలో నేరుగా మార్కెట్‌కే. తన చేత్తో తన గద్దె మీద పట్టా తీసి, అందరినీ పలకరించి గిన్నెలిస్తారట. అదేమిటమ్మా, ముఖం అట్లా అయిపోయింది?"

ఊర్మిళ మిషన్ కట్టేసింది. చావు దాకా పోయి తిరిగొచ్చిన మనిషి. తన చేత్తో గిన్నె తీసి మనిషికి ఇవ్వబోతాడు. దాని మీద తను పోయినట్టు తన పేరు. తారీఖు ఈ రోజుది. ఆ ముసలి గుండె అక్కడికక్కడే ఆగిపోతే?

"సేఠ్," అంది లేస్తూ. "సోమయ్య తాత బతికే ఉండు."

ఓంప్రకాశ్ చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టాడు. సంతోషపడాలో భయపడాలో ఆయనకు అర్థం కాలేదు. "మరి గిన్నెలు?"

"గదే. గవే ఆటోల వస్తున్నయ్."

"జల్ది పో. డబ్బాలు విప్పకముందే పట్టుకొచ్చెయ్. గద్దె కాడ అందరి ముంగట ఆపలేం. నేను గోదాంల కొత్త గిన్నెలు తీసి పెడ్త," అని సేఠ్ ఒక గరుకు కాగితం ముక్క చింపి ఆమె చేతిలో పెట్టాడు. ఒకటీ అరా గిన్నె బయటపడినా గీకేయొచ్చని ఆయన ఉద్దేశం. టీచరమ్మ ఇద్దరి ముఖాలూ చూస్తూ నిలబడిపోయింది.

మార్కెట్‌కు ఎన్నో నోళ్లు. ఆటో ఏ నోట్లోంచి వస్తుందో ఎవరికి తెలుసు? మౌలాలి నుంచి అంటే స్టేషన్ వైపు నుంచే రావాలి కదా అనుకుని ఊర్మిళ అటు పరుగెత్తింది. కల్పలతకు ఫోన్ చేస్తూ పరుగెత్తింది. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ ఆగిపోయింది. ఆ ఫోనుకు చెవులున్నాయో లేవో అని తిట్టుకుంది.

ఆదివారం, అందులోనూ ఆవకాయ రోజులు. మామిడికాయలు కొట్టే వాళ్లు దారికి రెండు పక్కలా కత్తిపీటలు వేసుకుని కూర్చున్నారు. టెంక పగిలే చప్పుడు ఇటు నుంచీ అటు నుంచీ ఒకటే మోత. కారప్పొడి ఘాటుకు తుమ్ములు. జాడీలు, నువ్వుల నూనె డబ్బాలు, వెల్లుల్లి గుట్టలు, వాటి మధ్య ఎటూ కదలకుండా బేరమాడే ఆడవాళ్లు. వేరే రోజైతే ఊర్మిళకు ఈ సందడంటే ప్రాణం. ఈ రోజు ప్రతి మనిషీ కావాలనే అడ్డం నిలబడినట్టు అనిపించింది. "జెర్రంత జరుగుండ్రి, జరుగుండ్రి," అని అరుస్తూ మోచేతులతో తోసుకుంటూ పోయింది. ఒకామె మామిడి ముక్కల సంచీ పట్టుకుని శాపనార్థాలు పెట్టింది.

స్టేషన్ వైపు మలుపులో అరటిపళ్ల లక్ష్మణ్ బండి ఉంది. మార్కెట్‌లో అతనిదీ సోమయ్య కూర్చునే సందే, కాకపోతే ఆదివారం బండి ఇక్కడ పెడతాడు.

"లక్ష్మణ్ అన్నా, సోమయ్య తాత ఆటో వచ్చిందా గిటు?"

లక్ష్మణ్ ఆమె వంక అదోలా చూశాడు. "సోమయ్య పోయిండు గద, ఊర్మిళా?"

"ఎవరు చెప్పిండ్రు?"

"సేఠ్ చెప్పిండు. సేఠ్‌కు నువ్వే చెప్పినవంట."

"పోలే. బతికే ఉండు. మౌలాలి పోయిండు."

"మౌలాలికా?" లక్ష్మణ్ గొంతు తగ్గింది. ఎండ దెబ్బ తగిలిన మనిషితో మాట్లాడినట్టు, "జెరసేపు కూసో. నీళ్లు తాగుతవా?" అన్నాడు.

ఏం చెప్పాలి అతనికి? బతికి ఉన్న మనిషి పేరు ముందు కీ.శే. కొట్టానని నడిరోడ్డు మీద ఎట్లా చెప్పాలి? చెబితే రేపటి నుంచి ఆమె చేతికి పెళ్లి గిన్నె ఎవరిస్తారు? ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. తాత ప్రాణం గురించి పరుగెత్తుతున్నాను, మధ్యలో నా పీట గుర్తొచ్చిందా అనుకుంది. నీళ్లు వద్దని వెనక్కు తిరిగింది.

ఒకవేళ మహంకాళి గుడి వైపు నుంచి వస్తారేమో. సోమయ్య ఏ మంచి పని చేసినా ముందు అమ్మవారికి ఓ దండం పెట్టనిదే చెయ్యడు. ఊర్మిళ మళ్లీ వచ్చిన దారినే పడింది. బుట్టలూ చేటలూ వేలాడే సందు దాటింది. పసుపు కుంకుమ కుప్పలు పోసిన సందులో ఎవరి కుంకుమ పొట్లమో తన్నేసింది, క్షమించమని కూడా అడగలేదు. ఇత్తడి దీపాలు తోమి మెరిపించి పెట్టిన దుకాణం ముందు ఇద్దరు కెమెరాల పిల్లలు దారికడ్డంగా మోకాళ్ల మీద కూర్చుని ఫోటోలు తీస్తున్నారు.

"మేడం, వన్ మినిట్, ఇక్కడ ఒక నిమ్మకాయల తాత ఉంటారట, హిస్టరీ అంతా చెప్తారట, ఎక్కడుంటారు?"

"నేను సుత ఆయన కోసమే తిరుగుతున్న," అని వాళ్ల మీంచి దాటేసింది.

గుడి వైపు ఆటోలు చాలా ఉన్నాయి, సోమయ్య ఉన్న ఆటో లేదు. పూలమ్మే ఆమె రాలేదంది. ఊర్మిళ అక్కడ నిలబడి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఎటు పోవాలో తెలియక గుడి ముందు ఒక చుట్టు చుట్టింది. ఎదురుగా పాత జైలు గోడ మీద పిచ్చి మొక్క కనబడింది.

అప్పుడు తట్టింది.

సోమయ్య ఎన్నిసార్లు చెప్పాడు! కెమెరాల పిల్లలకు చెబుతుంటే ఆమె మిషన్ మోతలో సగం విని, సగం వినక, విసుక్కుని ఎన్నిసార్లు నవ్వింది! "మా అమ్మ నన్ను మొదటిసారి జైలు వెనక సందు నుంచి తెచ్చింది. గంప దీస్కొని పెద్ద తొవ్వల పోతే చౌకీదారు ఆపుతుండె. గందుకు దొంగతొవ్వ. నేను గిప్పటికి సుత గా తొవ్వలనే వస్త. పెద్ద తొవ్వ నాకు ఎర్కనే లేదు." అరవై, డెబ్బై ఏళ్లు ఒకే సందులోంచి వచ్చిన మనిషి ఈ రోజు వేరే దారిన ఎందుకొస్తాడు?

ఊర్మిళ జైలు గోడ వెంబడి పరుగెత్తింది. వెనక సందు మొదట్లో ఒక ఆటో ఆగి ఉంది. వెనక సీటు ఖాళీ. సీటు కింద తెగిన పురికొస, ఖాళీ డబ్బాలు, నలిగిన పాత పేపర్లు ఉన్నాయి.

ఇక పరుగెత్తడానికి ఏమీ మిగల్లేదు. అయినా పరుగెత్తింది.

తమ సందు మూలలోకి వచ్చి ఆగింది. నీలం పట్టా మడతపెట్టి పక్కన ఉంది. సోమయ్య తన గద్దె మీద కూర్చుని ఉన్నాడు. చొక్కాలో మనిషి సగమయ్యాడు. ఎదురుగా ఒక చిన్న నిమ్మకాయల కుప్ప. పక్కన కల్పలత నిలబడి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఊర్మిళను చూడగానే ఆ పిల్ల గబగబా వచ్చి మణికట్టు పట్టుకుంది.

"ఏం జేసినవక్కా? ఏం జేసినవ్?" అంది గొణుగుతూ. "మొదటి గిన్నె విప్పినంక చూసిన. తాత ముంగట ఎట్ల ఆపాలె?"

ఊర్మిళ సందు వైపు చూసింది. గిన్నెలు అందరికీ అందాయి. కరివేపాకు మనిషి ముందు ఒకటుంది, కట్టల వెనక, పేరు తన వైపుకు తిప్పి. అల్లం అమ్మే ఆమె గిన్నె మీద తడి గోనె గుడ్డ కప్పి ఉంది. టమాటాల బండి మీద గిన్నె నిండా టమాటాలు పోసి, పేరున్న పక్కకు కొత్తిమీర కట్ట ఆనించి పెట్టారు. ఒక్కరి గిన్నె మీద కూడా పేరు బయటికి కనిపించడం లేదు. అందరూ చదివారు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఊర్మిళ వంక కూడా ఎవరూ చూడటం లేదు, తూకాల్లో, బేరాల్లో తలలు దూర్చేశారు. తనను ఎంత కాపాడుతున్నారో అర్థమై ఊర్మిళకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎవరు? ఊర్మిళేనా?" సోమయ్య పిలిచాడు. గొంతు సన్నగా ఉంది. "రా బిడ్డా. నీ కోసమే చూస్తున్న."

ఆమె పోయి గద్దె ముందు నిలబడింది. ఆయన ఒడిలో ఒక గిన్నె ఉంది, తన కోసం ఉంచుకున్నది.

"జెర సదువు. ఎట్ల కొట్టినవో ఇంట."

"అద్దాలు తేలేదా తాతా?"

"తెచ్చిన. నీ నోటెంట ఇనాలె."

ఊర్మిళ గిన్నె తీసుకుంది. "సోమయ్య," అని చదివింది. "మోండా మార్కెట్..."

"మొదటి నుంచి."

ఆమె మళ్లీ 'సోమయ్య' దగ్గరే మొదలుపెట్టబోయింది. ఆయన చెయ్యి చాపి, గోరు అరిగిన బొటనవేలితో పేరు ముందున్న రెండక్షరాలూ తడిమాడు. "గిదేంది? గిది ఇడిసిపెట్టినవ్."

"కీర్తిశేషులు," అంది ఊర్మిళ. అని గద్దె అంచు పట్టుకుని కూలబడింది. "నాది తప్పు తాతా. నీకేదో అయిందనుకున్న. బతికున్న మనిషికి గిట్ల కొట్టిన. నా చెయ్యి ఇరిగిపోను."

"నేను పోయిన్నని నీకెవరన్న చెప్పిండ్రా?"

"చెప్పలే."

"నువ్వు అడిగినవా?"

"ఎట్ల అడుగుత తాతా? ఎవరన్న అడుగుతరా?"

సోమయ్య నవ్వాడు, నవ్వు దగ్గుగా మారింది. కల్పలత నీళ్లు ఇచ్చింది. అది ఊర్మిళ పేరు కొట్టిన పాత చెంబే. రెండు గుక్కలు తాగి ఆయన చెంబు పక్కన పెట్టాడు.

"అవును, ఎవ్వరు అడగరు," అన్నాడు. "నెల మీద దవాఖాన్ల ఉన్న. డాక్టరు నా మొకం చూడడు, కాగితం చూసి పోతడు. గీ పిల్ల బయటికి పోయి ఏడ్చి, మొకం కడుక్కొని వచ్చి, మంచిగైనవ్ తాతా అంటది. నేను సుత మంచిగైన బిడ్డా అంట. దానికి తెలుసు. నాకు తెలుసు. ఇద్దరం దొంగలమే. ఇంటికి తీస్కపొండ్రి అంటే సమజ్ కాదా నాకు? గీ గిన్నెలు ఎందుకు పంచుతున్న అనుకున్నవ్? అందరికి ఒకసారి చెప్పి పోదామని వచ్చిన. తీరా కూసున్నంక నోరు రాలే. మంచిగున్నరా, మంచిగున్నరా అని అడుగుడే అయింది. ఇగో, నువ్వు ముందుగాల్నే రాసి పెట్టినవ్. నా కష్టం తప్పింది."

కల్పలత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "తాతా, నీకెట్ల తెలుసు?" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ బయట వరండాలో ఏడ్చిన ఏడుపు ఆ పిల్ల మొదటిసారి ఆయన ఎదుట ఏడ్చింది. సోమయ్య ఆమె తల మీద చెయ్యి వేసి ఉంచాడు.

అప్పుడు ఊర్మిళ జన్మలో ఎవరినీ అడగని మాట అడిగింది.

"ఎన్ని దినాలంట తాతా?"

అల్లం అమ్మే ఆమె చేతిలో తక్కెడ కిందికి దిగింది. సోమయ్య మాత్రం ఎవరో నిమ్మకాయల ధర అడిగినంత మామూలుగా చెప్పాడు.

"లష్కర్ బోనాలు చూస్తనంట. బతుకమ్మ చూడనంట."

ఆమె ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన ఏడవనిచ్చాడు. కొంచెం సేపటికి భుజం తట్టాడు.

"లే బిడ్డా, లే. పని ఉన్నది. పేరు మంచిగ కొట్టినవ్, ఉండనియ్. తారీఖే తప్పు పడ్డది. గిన్ని తారీఖులు కొట్టినవ్, నా దాంట్లనే తప్పు పడాల్నా? గీకెయ్. జాగ ఖాళీ పెట్టు. తర్వాత నువ్వే ఎయ్యాలె, ఇంకెవరి చేతికి ఇయ్యొద్దు."

గరుకు కాగితం ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది, చెమటకు మెత్తబడిపోయి. ఆమె గద్దె కింద నేల మీద కూర్చుని గిన్నెను ఒడిలో పెట్టుకుంది.

కరివేపాకు మనిషి లేచాడు. కట్టల వెనక నుంచి తన గిన్నె తీసి, పేరు బయటికి కనిపించేలా తిప్పి ముందు పెట్టాడు. తర్వాత సోమయ్య దగ్గరకు వచ్చి, "నొస్తుందా తాతా? యాడ నొస్తుంది?" అని అడిగాడు. అల్లం ఆమె గోనె గుడ్డ తీసేసింది. టమాటాల మీంచి కొత్తిమీర కట్ట పోయింది. అందరూ గద్దె చుట్టూ చేరి ఏం జబ్బు, ఏం తింటున్నావ్, నిద్ర పడుతుందా, భయమవుతుందా అని అడగడం మొదలుపెట్టారు. నెల రోజులుగా ఎవరూ అడగని మాటలన్నీ ఒక్కసారే అడిగారు. సోమయ్య ఒక్కొక్కరికీ జవాబు చెప్పాడు. భయమవుతుందని కూడా చెప్పాడు. మధ్యలో ఎవరో తెలియనామె నిమ్మకాయలు కావాలంటే ఏరి ఇచ్చాడు.

కింద కూర్చుని ఊర్మిళ తారీఖు గీకుతోంది. కాలు నేలను కొట్టడం లేదు, కళ్లు సందులో తిరగడం లేదు. అంకెలు చిన్నవి, రెండు నిమిషాల పని. ఆమె ఒక్కో గీతనూ మెల్లగా, చాలా మెల్లగా గీకుతూ కూర్చుంది.